నిందాస్తుతి

ప్రోగ్రాములు వ్రాసి పొట్టపోసుకునేవారికి తెలిసిన సంగతే, తక్కినవారి కోసం చెబుతున్నాను. పదిమంది కలసి వ్రాసే కోడులో ఏ పంక్తిని ఎవరు, ఏనాడు వ్రాశారో చూపించే ఆజ్ఞ ఒకటి ఉంటుంది. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్‌లో దాని పేరు బ్లేమ్. అంటే నింద. అంతకు ఏడాది ముందు తొలి పూర్తిరూపం వెలువడిన సబ్‌వర్షన్‌లోనైతే ఆ ఆజ్ఞ బ్లేమ్ అన్నా పలుకుతుంది, ప్రెయిజ్ అన్నా పలుకుతుంది. నిందించినా స్తుతించినా కళ్ళముందు కనబడేది ఒకటే జాబితా. ఆ పేర్లు పెట్టినవారికి కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం తెలిసే అవకాశం లేదు గానీ, తెలిసి ఉంటే తప్పక ముచ్చటపడేవారు.

అయితే ఈ ఆజ్ఞకు ఒక లోపం ఉంది. ఉన్న పంక్తికే అది కర్తను చూపగలదు. ఎవరైనా ఒక పంక్తిని తీసివేస్తే, ఆ తీసివేసినవాడి పేరు ఇందులో ఎక్కడా కనబడదు. వాణ్ణి పట్టుకోవాలంటే పాత ప్రతులను ఒక్కొక్కటే పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూడాలి. 2004 నవంబరు 8, సోమవారం నాడు మా మేడమ్ గారు అలా పోల్చి చూసి పట్టుకున్నవాడిని నేనే.

అప్పటికి నాకు రెండేళ్ళ అనుభవం. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ. కోస్తాలోని ఒక ఊళ్ళో నూలుమిల్లుకు జీతాల లెక్కలు వేసే ప్రోగ్రాము మా సంరక్షణలో ఉండేది. మేము వ్రాసినది కాదు. పదేళ్ళ క్రితం ఎవరో ఒకాయన ఫాక్స్‌ప్రోలో ఒంటిచేత్తో వ్రాసి, మిల్లువారికి అప్పగించి, తన దారిన తాను వెళ్ళిపోయాడు. దానిని నడిపిస్తూనే, మెల్లగా కొత్తగా తిరగవ్రాయాలని మాకు ఒప్పందం. ఆరువందల చిల్లర కార్మికులు. ప్రతినెలా ఏడో తారీఖు దాటకుండా జీతాలు పడాలి. అది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం పెట్టిన గడువు.

ఆ కోడును చూస్తే నాకు ఒళ్ళు మండేది. వేరియబుళ్ళ పేర్లన్నీ ఎక్స్1, ఎక్స్2, టెంప్, ఫ్లాగ్3. (చలరాశి అనే చక్కటి మాట మన లెక్కల పుస్తకాల్లో ఉంది. కానీ ఇరవయ్యేళ్ళుగా ఏ తెలుగు ప్రోగ్రామరు నోటా ఆ మాట నేను వినలేదు. కనుక వేరియబుల్ అనే అంటాను.) ఒక్కచోట కూడా ఇది ఎందుకు చేస్తున్నామన్న వివరణ లేదు. ఆ కాలపు డీబీఎఫ్ ఫైళ్ళలో ఒక్కో ఫీల్డు పేరు పది అక్షరాలకు మించకూడదన్న నియమం ఉండేది, నిజమే. ఆ పది కూడా ఆయన వాడుకోలేదు.

నేనేమో అప్పుడే మార్టిన్ ఫౌలర్ 1999లో వ్రాసిన రీఫాక్టరింగ్ పుస్తకం చదివి ఉన్నాను. ప్రోగ్రాము చేసే పని మారకుండా దాని లోపలి అమరికను మెరుగుపరచడం ఎలాగో చెప్పే పుస్తకం అది. కొత్తగా పెళ్ళయినవాడు అత్తారింట్లో వంకలు వెతికినట్లు ఆ కోడులో వంకలు వెతకసాగాను. అలా వెతుకుతుండగా ఒక వింత పంక్తి కంటబడింది. ఫ్లాగ్3 విలువ 7 అయితే, కోత మొత్తాన్ని ఎక్స్2కు మార్చు. అంతే. ఫ్లాగ్3కి 7 అన్న విలువను ఎక్కడ ఇస్తున్నారా అని మొత్తం ప్రోగ్రాములన్నీ గాలించాను. ఎక్కడా లేదు. ఎన్నడూ నిజం కాని షరతు, ఎన్నడూ నడవని పంక్తి. చచ్చిన కోడు అని తీర్మానించి తీసిపారేశాను. జూన్ నెల జీతాలను పాత ప్రోగ్రాముతోనూ కొత్తదానితోనూ వేసి చూశాను. పైసాతో సహా సరిపోయాయి. ఆ సాయంత్రం నేను పడ్డ గర్వం ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఫాక్స్‌ప్రోలో స్కాటర్ మెమ్‌వార్ అని ఒక ఆజ్ఞ ఉంది. పట్టికలోని ఒక వరుసను తీసుకుని, అందులోని ప్రతి ఫీల్డునూ అదే పేరుతో ఒక వేరియబుల్‌గా మార్చివేస్తుంది. ఫ్లాగ్3 అలా పుట్టుకొచ్చిన వేరియబుల్. దానికి విలువ ఇచ్చేది ప్రోగ్రాము కాదు, మిల్లులోని అకౌంట్సు గుమాస్తా గారు. ఏటా దసరాకు ముందు పట్టికను నేరుగా తెరిచి, పండగ అడ్వాన్సు తీసుకున్న ప్రతి కార్మికుడి వరుసలోనూ తన చేత్తో 7 అని కొట్టేవారు. నెల మధ్యలో తీసుకునే చిల్లర అడ్వాన్సులను ఆ నెల జీతంలోనే పూర్తిగా పట్టుకోవాలి, ప్రోగ్రాము మామూలుగా చేసే పని అదే. పండగ అడ్వాన్సునైతే ఆరు వాయిదాల్లో పట్టుకోవాలి. ఆ తేడా అంతా ఆ ఒక్క పంక్తి మీద నిలిచి ఉంది. అక్టోబరు మొదలు మార్చి వరకు ఆరు నెలలు. జూన్ నెల లెక్కల్లో ఒక్క 7 కూడా ఉండదు.

ఆ ఏడు దసరా అక్టోబరు 22న వచ్చింది. దీపావళి నవంబరు 12న. ఏడో తారీఖు ఆదివారం కనుక శనివారం నాడే జీతాల కవర్లు పంచారు. పదిహేనువందల అడ్వాన్సు తీసుకున్నవారికి రెండువందల యాభై కోత పడవలసిన చోట పదిహేనువందలూ ఒక్కసారే పడ్డాయి. చేతికి రెండువేలకు దగ్గరగా రావలసినవారికి ఏడువందల చిల్లర వచ్చింది. బ్యాంకు నుంచి తేవలసిన మొత్తం బాగా తగ్గిందని గుమాస్తా గారు గమనించారట. పండగ సెలవుల వల్ల హాజరు తగ్గి ఉంటుందిలే అనుకున్నారట. కంప్యూటరు చెప్పిన లెక్కను శంకించడం ఆ రోజుల్లో ఎవరికీ అలవాటు లేదు.

సోమవారం మధ్యాహ్నానికి మేడమ్ గారు కారణం కనుక్కున్నారు. నన్ను పిలిచి తెర చూపించారు. తిట్టలేదు. "రాత్రి బస్సుకి ఇద్దరం వెళ్దాం, సర్దుకో" అన్నారు. ఆవిడ రాజమండ్రి మనిషి, తెలుగు పండితుని కూతురు, మా అందరికన్నా పదిహేనేళ్ళు పెద్ద.

మరునాడు మిల్లులో జాబితా తయారుచేస్తున్నాం. ఆఫీసు గది బయట వరండాలో జనం. కండెలు చుట్టే విభాగంలో పనిచేసే ఒక పెద్దావిడ కిటికీ దగ్గరకు వచ్చి, "కంప్యూటరు తప్పు చెయ్యదంట గదా బాబూ?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. తప్పు కంప్యూటరుది కాదు, నాది అన్నాను. బుధవారానికల్లా మిగతా డబ్బు ఇస్తారని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, ఆదివారం నాడు కడియాలు కుదువబెట్టి వెయ్యి రూపాయలు తెచ్చుకున్నానని చెప్పి, "మరి దాని వడ్డీ ఎవరిస్తారు?" అని అడిగింది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. నెల వడ్డీ ఎంతో అడిగే ధైర్యం కూడా లేకపోయింది. జేబులో చెయ్యి పెట్టబోతుంటే మేడమ్ గారు కళ్ళతోనే వారించారు. వరండాలో అటువంటివారు ఎందరున్నారో మాకు తెలియదు, ఒక్కరికి ఇస్తే అది ఏ లెక్కలో వ్రాస్తావని తరువాత అడిగారు. బుధవారం నాడు తేడా మొత్తం అందరికీ చెల్లించారు. వడ్డీ మాట మిల్లువారూ ఎత్తలేదు, మా కంపెనీవారూ ఎత్తలేదు.

ఆ రోజే మరొకటి బయటపడింది. ఏడో నంబరు సంగతి మీకు ముందే తెలుసా అని మేడమ్ గారు గుమాస్తా గారిని అడిగితే, ఆయన ఆశ్చర్యపోయి, "తెలియకేమండీ, అంతా వ్రాసే ఉంది కదా" అంటూ బల్ల సొరుగులోంచి పొడుగాటి అట్ట పుస్తకం ఒకటి తీశారు. ఆ పాత ప్రోగ్రామరు ఆకుపచ్చ సిరాతో, ముత్యాల్లాంటి తెలుగులో, ప్రతి ఫ్లాగుకూ అర్థం వ్రాసిపెట్టాడు. 1 అంటే ఏమిటి, 2 అంటే ఏమిటి. 7 దగ్గర "పండగ అడ్వాన్సు. ఆరు ముక్కలు. ముక్క ఎంతో ఎక్స్2లో" అని ఉంది. నేను రెండేళ్ళుగా మనసులో తిట్టుకుంటున్న మనిషి ఇంత శ్రద్ధగలవాడని నాకు అప్పుడు తెలిసింది. ఆయన వివరణ వ్రాయకపోవడం కాదు. వివరణ ఒక ఊళ్ళో సొరుగులో ఉంది, ప్రోగ్రాము మరో ఊళ్ళో నా చేతిలో ఉంది.

డొనాల్డ్ క్నూత్ పట్టుకున్నది సరిగ్గా ఈ ఎడబాటునే. పుస్తకాల అచ్చుకోసం ఆయన నిర్మించిన టెక్ ప్రోగ్రాము గురించి విననివారు మనలో తక్కువ. 1984లో ఆయన ఒక వ్యాసంలో, ప్రోగ్రామును యంత్రానికి ఇచ్చే ఆదేశాల మూటగా కాక, మనిషికి చదివి వినిపించే రచనగా వ్రాయాలని ప్రతిపాదించాడు. అందుకోసం వెబ్ అనే పద్ధతిని తయారుచేశాడు (మనం ఇప్పుడు వెబ్ అనే దానికీ దీనికీ సంబంధం లేదు). అందులో వివరణ, కోడు రెండూ ఒకే ఫైలులో కలిసి ఉంటాయి. టాంగిల్ అనే ఉపకరణం దానిలోంచి యంత్రానికి కావలసిన పాస్కల్ కోడును లాగుతుంది. వీవ్ అనే ఉపకరణం అదే ఫైలు నుంచి మనుషులు చదువుకునే పుస్తకాన్ని నేస్తుంది. పేర్లలోని చమత్కారం చూడండి: యంత్రానికి ఇచ్చేది చిక్కుపడిన నూలు, మనిషికి ఇచ్చేది నేసిన బట్ట. టెక్ ప్రోగ్రాము మొత్తాన్ని ఆయన 1986లో నిజంగానే పుస్తకంగా అచ్చువేయించాడు. తప్పు పట్టినవారికి 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు. పదహారు మూలంగా గల సంఖ్యామానంలో అది ఒక డాలరట. నూలుమిల్లు నుంచి తిరిగి వచ్చాక ఆ వ్యాసం మళ్ళీ చదివాను. అంతకుముందు చదివినప్పుడు అది నాకు పెద్దమనిషి ముచ్చటగా తోచింది.

ఆ తరువాత మూడు వారాలు మేడమ్ గారూ నేనూ ఒకే బల్ల ముందు, ఒకే కీబోర్డుతో కూర్చున్నాం. ఒకరు టైపు చేయడం, ఒకరు పక్కన కూర్చుని చూస్తూ అడగడం. గంటకోసారి చోట్లు మారడం. దీనికి పెయిర్ ప్రోగ్రామింగ్ అనే పేరుందని, కెంట్ బెక్ 1999లో వ్రాసిన పుస్తకంలో దీని గురించి కూడా ఉందని ఆవిడే చెప్పారు. ఇందులో నాకు నచ్చే విశేషం ఒకటుంది. బెక్ ఈ పద్ధతులను కూర్చి ప్రయోగించిన ప్రసిద్ధమైన ప్రాజెక్టు, అమెరికాలో క్రైస్లర్ కార్ల కంపెనీ ఉద్యోగుల జీతాల లెక్కల ప్రోగ్రామే. 1996లో ఆయన అందులోకి వచ్చాడు. 1997లో అది పదివేలమందికి జీతాలు వేయడం మొదలుపెట్టింది. 2000 ఫిబ్రవరిలో ఆ ప్రాజెక్టును మూసివేశారు. నేను చదివిన రీఫాక్టరింగ్ పుస్తకకర్త ఫౌలరు కూడా అందులో సలహాదారు. జీతాల లెక్కలు పైకి కూడికలూ తీసివేతలే. లోపల మాత్రం ఎవరో ఎప్పుడో ఇచ్చిన మాటలు, చేసుకున్న ఒప్పందాలు, పండగలు, పాత సమ్మెలు పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి. ఏ తర్కానికీ అందవు. అడిగితేనే తెలుస్తాయి.

మేడమ్ గారు పక్కన కూర్చుంటే మొదట్లో నాకు ఊపిరాడేది కాదు. నేనొక పంక్తి వ్రాయగానే "ఇదేమిటి?" అనేవారు. చెప్పేవాణ్ణి. "నాకు చెప్పకు, దానికి చెప్పు" అనేవారు. అంటే నోటితో చెప్పిన ఆ ముక్కే వేరియబుల్ పేరులోకో, ప్రొసీజర్ పేరులోకో రావాలన్నమాట. అలా ఫ్లాగ్3 పోయింది. పండగ అడ్వాన్సు అనే అర్థం వచ్చే పేరు వచ్చింది. ఎక్స్2 పోయింది, నెలవారీ వాయిదా వచ్చింది. పేరు కుదరకపోతే అసలు ఆ పని ఏమిటో మాకు తెలియదని అర్థం. అప్పుడు లేచి మిల్లుకు ఫోను చేసేవాళ్ళం. కోడు వ్రాసిన సమయం కన్నా గుమాస్తా గారితో ఫోనులో మాట్లాడిన సమయమే ఎక్కువ. ప్రతి అలవాటుకూ ఒక చిన్న పరీక్ష వ్రాశాం, పన్నెండు నెలల పాత జీతాలతోనూ. ఒక్క జూన్‌తో కాదు.

ఒక సాయంత్రం విసుగొచ్చి, ఇదంతా పారేసి మొదటినుంచీ మన పద్ధతిలో వ్రాసుకుందామండీ అన్నాను. ఆవిడ నవ్వి, "మనది నన్నయ పని కాదు అబ్బాయ్, ఎఱ్ఱన పని" అన్నారు.

మిత్రులకు కథ తెలిసినదే. పదకొండో శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం నడుమ, శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. పధ్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చి ఆ ఖాళీని పూరించాడు. పూరించి, దానిని తన ప్రభువుకు కాక, నన్నయ వ్రాసినట్లే రాజరాజనరేంద్రుని పేరనే నడిపాడు. మొదట నన్నయ ఛాయలో ఎత్తుకుని, పోగా పోగా తిక్కన ధోరణిలోకి జారి అతికాడని విమర్శకులు మెచ్చుకుంటారు. ఒక వైపు పాతవాడి శైలి, మరో వైపు కొత్తవాడి శైలి, మధ్యలో తాను అతుకు కనబడకుండా నిలబడాలి. ఇతరుల కోడును బాగుచేసే ఉద్యోగానికి ఇంతకన్నా మంచి వర్ణన నాకు ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకలేదు. ఆ మాటకొస్తే నన్నయ కూడా ఒంటరిగా వ్రాయలేదు. భారతయుద్ధంలో అర్జునునికి కృష్ణుడు తోడైనట్లు తనకు నారాయణభట్టు తోడైనాడని అవతారికలో తానే చెప్పుకున్నాడు. పక్కన కూర్చున్నవాడి పేరు మొదటి పుటల్లోనే వ్రాసుకున్న మర్యాద అది.

జంటగా వ్రాయడం మనకేమీ కొత్త కాదు కదా. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో పోయాక కూడా చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి తన రచనలను ఇద్దరి పేరుమీదనే ప్రకటిస్తూ వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళపాటు, 1950లో తాను పోయేవరకు. ఏ పద్యం ఎవరిదన్న వెతుకులాటకు వారు తావివ్వలేదు. అక్కడ బ్లేమ్ ఆజ్ఞ పనిచేయదు. మా మూడు వారాల పని అంతా సీవీఎస్‌లో నా పేరుమీదనే ఎక్కింది, ఎందుకంటే లాగిన్ అయి ఉన్నది నేను. ఇది అన్యాయమండీ అంటే, "తప్పులుంటే నీవే, ఎందుకు బెంగ" అన్నారు ఆవిడ.

జంటపని సర్వరోగనివారిణి అని నేను అనను. రోజుకు నాలుగు గంటలు దాటితే తల దిమ్మెక్కుతుంది. ఇద్దరిలో ఒకడు బిడియస్తుడైతే రెండోవాడి ఆలోచనే నెగ్గుతుంది, ఇద్దరి జీతం దండుగ. తరువాతి ఉద్యోగాల్లో పైవారి ఉత్తర్వుపై జరిగిన జంటపనిలో సగం, ఒకరు టైపు చేస్తుంటే మరొకరు సెల్‌ఫోను చూసుకోవడమే. క్నూత్ పద్ధతి కూడా అంతే. ఆయనలా వ్యాసం వ్రాయగలవాడికే అది వంటబడుతుంది. ప్రతి పంక్తికీ దాని పక్కనే అదే పంక్తిని తిరిగి చెప్పే వ్యాఖ్యలు వ్రాసేవారిని చూసి చూసి విసిగిపోయాను. ఒకటి కూడుతున్నాం అని చెప్పడమెందుకు? ఎందుకు కూడుతున్నామో చెప్పాలి.

ఈమధ్య పని తీరే మారింది. అడిగితే యంత్రమే కోడు వ్రాసి ఇస్తోంది. పేర్లు చక్కగా పెడుతుంది, వ్యాఖ్యలు పొందికగా ఉంటాయి, నేను ఇరవయ్యేళ్ళ క్రితం వ్రాసినదానికన్నా శుభ్రంగానే ఉంటుంది, ఒప్పుకోవాలి. మొన్నొక కుర్రవాడు దాని చేత పాత కోడును శుద్ధి చేయించి, ఎన్నడూ నడవని పంక్తులు నలభై దాకా తీసేయించానని సంబరంగా చూపించాడు. పరీక్షలన్నీ నెగ్గాయట. ఏ నెల లెక్కలతో పరీక్షించావు బాబూ అని అడిగాను. వాడికి నా ప్రశ్న వింతగా తోచింది. మా ఇద్దరికీ ఆ సాయంత్రం కాఫీ తాగే తీరిక దొరకలేదు. ఆ నలభై పంక్తులనూ ఒక్కొక్కటిగా చూసుకుంటూ కూర్చున్నాం. ముప్ఫయ్యారు నిజంగానే చచ్చినవి.

నేను ఆ కంపెనీ వదిలి చాలాకాలమైంది. మేడమ్ గారు ఉద్యోగం విరమించి రాజమండ్రిలోనే ఉంటున్నారు. ఏడాదికోసారి ఫోనులో మాట్లాడుకుంటాం. మిల్లు 2011లో మూతపడింది, దానితోపాటే మేమిద్దరం తిరగవ్రాసిన ప్రోగ్రామూ ఆగిపోయింది. ఆకుపచ్చ సిరా పుస్తకం గుమాస్తా గారు మేడమ్ గారికి ఇచ్చేశారట. ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది.

ఆ పుస్తకంలో ఫ్లాగుల జాబితా 7తో అయిపోలేదు. కింద 8 అని వేసి, దాని ఎదుట "అడగాలి" అని వ్రాసి ఉంది. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో లేదు. పాత కోడులో 8కి కూడా ఒక షరతు ఉండేది. అదైతే ఏ కోతా వేయకుండా వదిలేసేది. పదేళ్ళ పట్టికలు వెతికితే ఎవరి వరుసలోనూ 8 కనబడలేదు. గుమాస్తా గారికీ గుర్తు లేదు. నేను తీసేద్దామనలేదు. ఆవిడా అనలేదు. కొత్త ప్రోగ్రాములోకి దానిని అలాగే తెచ్చి, పైన ఒక వ్యాఖ్య వ్రాశాం: ఇది ఎందుకో మాకు తెలియదు, మిల్లులో కనుక్కునే వరకు ఉంచండి. తారీఖు వేశాం. కింద ఇద్దరి పేర్లూ వ్రాశాం.